ఖాళీ పికప్ మంచులో తోక తిప్పేస్తోంది: బరువు వెయ్యాలా, టైర్లు మార్చాలా?

వెనకచక్రం
వెనక చక్రాల డ్రైవ్ పికప్. ఖాళీ బరువు సుమారు 2200 కిలోలు, వెనక సరుకు వేసే బెడ్‌లో ఏమీ ఉండదు. బండితో వచ్చిన ఆల్ సీజన్ టైర్లే ఉన్నాయి, గాడి లోతు 5 మిల్లీమీటర్లు మిగిలింది. మంచు పడిందంటే చాలు, చిన్న ఎత్తు దగ్గర కూడా వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మలుపులో తోక పక్కకి పోతుంది. నాలుగు ఇసుక బస్తాలు పడేస్తే సరిపోతుందని కొందరు, బరువు దండగ టైర్లు మార్చమని కొందరు అంటున్నారు. ముందు ఏది చెయ్యాలి? బరువైతే ఎంత, ఎక్కడ?

టైరుపట్టు
ముందు టైర్లు. నాలుగూ. ఇసుక ఆ తర్వాతే.

ఇసుకబస్తా
అంత తేలిగ్గా కొట్టిపారెయ్యకండి. ఇంజనూ క్యాబినూ ముందుంటాయి కాబట్టి ఖాళీ పికప్ బరువులో 55 నుంచి 60 శాతం ముందు ఇరుసు మీదే పడుతుంది. బండిని తోసేది మాత్రం వెనక చక్రాలు. తోసే చక్రం మీద బరువే లేకపోతే ఎంత మంచి టైరైనా ఏం పట్టుకుంటుంది? చాలా కార్లలో ఈ బాధ లేదు, పికప్‌కి ఇది పుట్టుకతో వచ్చింది.

లెక్కలమాస్టారు
ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ ఏది ఎంత అన్నది లెక్క కడితే గానీ తేలదు. వెనకచక్రం గారి బండినే తీసుకుందాం.

2200 కిలోల్లో 42 శాతం వెనక అనుకుంటే వెనక ఇరుసు మీద 924 కిలోలు. 30 కిలోల బస్తాలు 6, అంటే 180 కిలోలు సరిగ్గా ఇరుసు మీద పెడితే వెనక 1104, మొత్తం 2380. వెనక వాటా 42 నుంచి 46.4 శాతానికి పెరిగింది.

అణిగిన మంచు మీద ఆల్ సీజన్ టైరు ఘర్షణ గుణకం, అంటే టైరు పట్టుని కొలిచే అంకె, 0.2 అనుకోండి. ఖాళీ బండి ఎక్కగలిగే ఎత్తు 0.2 × 42, అంటే 8.4 శాతం. 100 మీటర్ల దూరానికి 8.4 మీటర్ల ఎత్తు అన్నమాట. బస్తాలు వేస్తే 9.3 శాతం.

బస్తాలు లేకుండా వింటర్ టైర్లు వేసి గుణకం 0.3కి వచ్చిందనుకోండి, 12.6 శాతం. రెండూ ఉంటే 13.9.

0.2, 0.3 అనేవి లెక్క కోసం పట్టుకున్న అంకెలు. మంచు రకాన్ని బట్టీ, చలిని బట్టీ మారతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు కొంత బరువు వెనక్కి వాలడం కూడా ఇందులో కలపలేదు. కానీ తేడా ఎటుందో కనిపిస్తోంది కదా.

ఇసుకబస్తా
మాస్టారూ, 8.4 నుంచి 9.3 అంటే పదో వంతు పైనే పెరిగింది. ఇంటి ముందు ఎత్తు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నవాడికి అదే ఎక్కడమా, ఎక్కకపోవడమా అన్న తేడా.

లెక్కలమాస్టారు
ఒప్పుకుంటాను. కదలడానికి బరువు పనికొస్తుంది. ఆగడానికి పనికిరాదు, నా బాధంతా అక్కడే. బ్రేకు వేసినప్పుడు పట్టు ఎంత పెరిగిందో, ఆపాల్సిన బరువూ అంతే పెరిగింది. రెండూ కొట్టేసుకుపోతాయి. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో గుణకం 0.2 ఉంటే బండి ఆగడానికి సుమారు 49 మీటర్లు, 0.3 ఉంటే 33 మీటర్లు. ఈ సూత్రంలో బండి బరువు అసలు కనపడదు. ఆ 16 మీటర్లు టైరు ఇస్తుంది, ఇసుక ఇవ్వదు.

మంచుదారి
ఇది పెద్దక్షరాల్లో రాసి బెడ్ మీద అంటించాలి. బస్తాలు వేసుకోగానే బండి చక్కగా కదులుతుంది, దాంతో ధైర్యం వచ్చి వేగం పెంచుతారు. ఆపాల్సి వచ్చేసరికి పాత దూరమే, ఇంకాస్త ఎక్కువే.

వెనకచక్రం
అర్థమైంది, టైర్లు ముందు. అయినా బరువు కూడా వేస్తాను. టెయిల్‌గేట్ దగ్గర వేస్తే తులాభారంలా వెనక ఇంకా ఎక్కువ నొక్కుతుంది కదా?

స్ప్రింగ్‌పట్టీ
నొక్కుతుంది, అదే ప్రమాదం. ఇరుసుల మధ్య దూరం 3.6 మీటర్లు అనుకోండి. వెనక ఇరుసుకి 1.2 మీటర్లు వెనగ్గా 180 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద 240 పడుతుంది. ఆ అదనపు 60 ఆకాశం నుంచి రాలేదు, ముందు ఇరుసు మీద నుంచి లేచింది. స్టీరింగ్ తిప్పే చక్రాలూ, బ్రేకు పనిలో ఎక్కువ భాగం మోసే చక్రాలూ అవే. వాటిని తేలిక చేసుకుంటే మలుపులో స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది.

ఇంకోటి. ఇరుసు వెనకాల వేలాడే బరువు లోలకం లాంటిది. తోక ఒకసారి పక్కకి జారడం మొదలైతే దాన్ని వెనక్కి లాగడం కష్టమవుతుంది.

బెడ్‌లోకి ఉబ్బి కనిపించే రెండు చక్రాల గూళ్ల మధ్య, ఇరుసుకి నేరుగా పైన, లేదా ఒక జానెడు ముందుకి. అంతకన్నా వెనక్కి వద్దు. మరీ క్యాబిన్‌కి ఆనించి కూడా పెట్టకండి, అందులో కొంత ముందు ఇరుసు మీదకి పోతుంది.

చలిబండి
ఎంత వెయ్యాలో ఎవరూ తేల్చలేదు. 400 కిలోలు వేస్తే ఇంకా మంచిది కాదా?

స్ప్రింగ్‌పట్టీ
కాదు. డ్రైవర్ తలుపు తీస్తే చట్రం మీద స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సరుకూ కలిపి ఇంతకు మించరాదని. 5 మంది ఎక్కితేనే అందులో 350 నుంచి 400 కిలోలు పోతాయి. ట్రైలర్ లాగితే దాని ముక్కు బరువూ ఇందులోకే వస్తుంది. మామూలు సైజు పికప్‌కి 120 నుంచి 180 కిలోలు చాలు. చిన్న పికప్‌కి 90 నుంచి 120. అంతకు మించితే పట్టు పెరిగే వేగం తగ్గుతుంది, ఇంధనం తాగడం, స్ప్రింగుల మీద భారం మాత్రం పెరుగుతూనే ఉంటాయి.

ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది. తోక కుంగితే ముక్కు లేస్తుంది, హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. బస్తాలు వేశాక గోడ ముందు బండి నిలిపి లైట్లు కిందికి సరిచెయ్యండి. బస్తాలు తీసేసిన రోజు మళ్లీ పైకి.

బోల్టునట్టు
ఇంతమంది ఇంత రాశారు, కట్టడం గురించి ఒక్క మాట లేదు! బెడ్‌లో ఊరికే పడేసిన బస్తా గుద్దుకున్న క్షణాన ఆగదు. 20 జీ (భూమి ఆకర్షణకి 20 రెట్లు) కుదుపు వస్తే 30 కిలోల బస్తా 600 కిలోల బరువుతో నెట్టినట్టు క్యాబిన్ వెనక గోడ మీద పడుతుంది. అద్దం ఎత్తుకి పేర్చి ఉంటే నేరుగా లోపలికే.

చెయ్యాల్సింది ఇది. 2×6 అంగుళాల పలకలు రెండు తీసుకుని, బెడ్ లోపలి వెడల్పుకి సరిగ్గా కోసి, ఒకటి చక్రాల గూళ్ల ముందు, ఒకటి వెనక అడ్డంగా నిలబెట్టండి. చాలా బెడ్‌లలో పక్క గోడలకి పలక దిగే గాడులు ముందే ఉంటాయి. ఆ రెంటినీ బెడ్ పొడుగునా పెట్టిన ఇంకో రెండు పలకలతో కలిపి స్క్రూలు బిగిస్తే చట్రం తయారు. గూళ్లకి అటూ ఇటూ పట్టేసుకుంటుంది కాబట్టి ముందుకీ వెనక్కీ జరగదు. బస్తాలు అందులో ఒకే వరసలో పడుకోబెట్టండి, ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. పైనుంచి రాచెట్ పట్టీలు రెండు, బెడ్‌లో ఉన్న కొక్కేలకి. పట్టీ మీద రాసిన పనిభారం చూసి కొనండి, సన్నవి వద్దు. కింద రబ్బరు మ్యాట్ పరిస్తే బస్తా జారదు, పెయింటూ గీసుకుపోదు.

చలిబండి
కాంక్రీట్ ఇటుకలు ఉన్నాయి, అవి వాడొచ్చా? లేకపోతే బెడ్‌లో పడ్డ మంచునే ఊడ్చకుండా ఉంచేస్తే బరువు కదా.

బోల్టునట్టు
ఇటుకలు వద్దు. ఇసుక బస్తా గుద్దుకుంటే కనీసం చిరిగి చెదురుతుంది, ఇటుక అలాగే ఎగురుతుంది.

మంచుదారి
మంచు అస్సలు వద్దు. కొత్తగా పడ్డ పొడి మంచు దూదిలా తేలిక, బెడ్ నిండా ఉన్నా మీరనుకున్నంత బరువు ఉండదు. ఎండకి సగం కరిగి రాత్రికి ఐస్ పలక అయ్యిందంటే అప్పుడు బరువే, కానీ బ్రేకు వేస్తే ఆ పలక మొత్తం ముందుకి జారుతుంది. బరువు ఎక్కడుందో, ఎంతుందో మీ చేతిలో ఉండదు. నీళ్ల సంచులూ అంతే, సగం నిండినవి కుదుపుకి ఊగుతాయి, గడ్డకడితే చీలతాయి.

ఇసుకబస్తా
ఇసుకలో ఇంకో లాభం ఉంది. కూరుకుపోతే ఒక బస్తా విప్పి చక్రాల కింద చల్లుకోవచ్చు. అయితే ఇసుక ఎండి ఉండాలి. తడి ఇసుక చలికి రాయిలా బిగుస్తుంది, అవసరమైనప్పుడు పార కూడా దిగదు. బస్తాని మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించండి. గడ్డకట్టకుండా ఉప్పు కలపమని కొందరు చెబుతారు, వినకండి. బస్తా కారిందంటే ఉప్పు నీళ్లు బెడ్ అతుకుల్లోకి దిగి తుప్పు పట్టిస్తాయి. బెడ్ మూలల్లో నీరు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, బస్తాల కింద అవి మూసుకుపోకుండా చూసుకోండి.

పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం పరిచే మట్టి రేణువులు కూడా వాడుతుంటారు. తడిస్తే జిగట బురదైపోయే రకం అది. గరుకు ఇసుకే మేలు.

వెనకచక్రం
బరువు సంగతి తేలింది. ఇక టైర్లు. ఇప్పుడున్నవాటి మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంది. అంటే మంచుకి పనికొచ్చేవే కదా? గాడి లోతు 5 మిల్లీమీటర్లు కూడా ఉంది.

టైరుపట్టు
ఎం ప్లస్ ఎస్ అంటే బురద, మంచు. గాడులు ఆ తీరుగా కోశామని కంపెనీ చెప్పుకునే మాట అది, దాని వెనక మంచు పరీక్ష లేదు. మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న బొమ్మ. 1999లో వచ్చింది. మంచు మీద పరీక్షించి, నమూనా టైరు కన్నా కనీసం ఇంత మెరుగు అని తేలితేనే ఆ గుర్తు పడుతుంది. కానీ ఆ గుర్తు ఉన్న ఆల్ టెర్రెయిన్ (రోడ్డు మీదా, మట్టి దారుల్లోనూ నడిచే) టైరూ అసలు వింటర్ టైరూ ఒకటి కాదు. ఆ గుర్తు అణిగిన మంచు సంగతే చెబుతుంది, ఐస్ మీద బ్రేకు ఎలా పడుతుందో చెప్పదు.

తేడా రబ్బరులో ఉంది. 7 డిగ్రీల కిందకి దిగాక మామూలు రబ్బరు బిరుసెక్కుతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది, గాడుల మధ్య దిమ్మల మీద వందల సన్నటి చీలికలు ఉంటాయి. ఒక్కో చీలిక అంచూ మంచుని కొరుకుతుంది.

5 మిల్లీమీటర్లు అంటే అంచు మీద ఉన్నారు. చట్టం చాలా చోట్ల 1.6 వరకు ఒప్పుకుంటుంది, అది తడి రోడ్డుకి కూడా తక్కువే. మంచులో 5 కన్నా తగ్గితే గాడి మంచుతో నిండిపోయి నున్నటి డ్రమ్ములా దొర్లుతుంది. వింటర్ టైర్లలో కొన్ని రకాలకి పై సగం లోతు వరకే ఆ మెత్తటి రబ్బరు ఉంటుంది. అరిగాక చూడ్డానికి గాడి కనిపిస్తుంది, పట్టు మాత్రం పోయి ఉంటుంది.

చలిబండి
డబ్బు మిగుల్చుకోవాలంటే వెనక రెండూ మారిస్తే? తోసేవి అవే కదా.

టైరుపట్టు
వద్దు. వెనక పట్టు, ముందు జారుడు. బండి చక్కగా బయల్దేరి మలుపు దగ్గర తిన్నగా పోతుంది. ముందు రెండూ మారిస్తే ఇంకా ఘోరం, బ్రేకు వెయ్యగానే తోక ముందుకొస్తుంది. నాలుగూ ఒకే రకం, ఒకే అరుగుదల.

గేరుపెట్టె
ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లకి ఇంకో కారణం. ముందూ వెనకా టైర్ల చుట్టుకొలత తేడాగా ఉంటే ముందూ వెనకా ఇరుసులకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ నిరంతరం మెలితిరుగుతూనే ఉంటుంది. చివరికి గొలుసో గేరో పోతుంది.

మంచుదారి
వెడల్పు సంగతి కూడా చెప్పండి. వెడల్పు టైరు ఎక్కువ నేల పట్టుకుంటుందని అందరూ అనుకుంటారు.

టైరుపట్టు
లోతు మంచులో వెడల్పు టైరు పైన తేలుతుంది, ముందు మంచుని గుట్టగా తోసుకుంటూ పోతుంది. సన్నది కోసుకుని కిందున్న గట్టి నేలని అందుకుంటుంది. 265/70 ఆర్17 ఉన్న బండికి 245/75 ఆర్17 వేస్తే వ్యాసం 803కి బదులు 799 మిల్లీమీటర్లు, స్పీడోమీటర్ దాదాపు మారదు. కానీ లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) తలుపు స్టిక్కర్ మీద ఉన్నదానికన్నా తగ్గకూడదు. ఇసుక కూడా మోయాలి కదా. పీ (కారు టైరు) రకం నుంచి ఎల్‌టీ (తేలికపాటి ట్రక్కు టైరు) రకానికి మారితే అదే బరువు మోయడానికి ఎక్కువ గాలి కావాలి, టైరు దుకాణంలో లోడ్ పట్టిక చూపించమని అడగండి.

చలిబండి
గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని విన్నాను. 20 పీఎస్ఐకి దించి తిరిగితే?

బోల్టునట్టు
రోడ్డు మీద వద్దు. టైరు పక్క గోడ వంగి వంగి వేడెక్కుతుంది, స్టీరింగ్ మందగిస్తుంది. లోతు మంచులో కూరుకున్నప్పుడు 18, 20కి దించి మెల్లగా బయటపడి, వెంటనే మళ్లీ నింపడానికైతే సరే. కంప్రెసర్ బండిలో ఉంటేనే ఆ పని మొదలుపెట్టండి.

నిజానికి చలికాలంలో గాలి తనంతట తనే దిగుతుంది. 5 నుంచి 6 డిగ్రీలకి 1 పీఎస్ఐ. 20 డిగ్రీల వెచ్చటి షెడ్డులో 35 నింపి, బయట మైనస్ 20లో నిలిపితే గేజి 28 చూపిస్తుంది. అందుకే బయట, రాత్రంతా చల్లారిన టైరులో చూసి నింపాలి.

మంచుదారి
మేకుల టైర్లు? దారి పొడుగునా ఐస్ ఉండేవాళ్లకి?

టైరుపట్టు
సున్నా డిగ్రీల దగ్గర తడిసి మెరిసే ఐస్ మీద మేకుని మించింది లేదు. పొడి రోడ్డు మీద మాత్రం చప్పుడు, రోడ్డుకి గీతలు, ఆగే దూరం కూడా కొంచెం పెరగొచ్చు. కొన్ని ప్రాంతాల్లో నిషేధం, కొన్నిచోట్ల ఫలానా నెలల్లోనే అనుమతి. కొనేముందు మీ చోటి నిబంధన చూసుకోండి. మేకులు కొత్త టైరుకే, అదీ అచ్చులో రంధ్రాలు ఉన్నదానికే కొట్టాలి. అరిగినదానికి కొడితే రాలిపోతాయి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు యాక్సిలరేటర్, బ్రేకు గట్టిగా తొక్కకుండా నడిపితే మేకు రబ్బరులో కుదురుకుంటుంది.

గేరుపెట్టె
గొలుసులు మర్చిపోయారు. ఎన్ని బస్తాలు వేసినా నిటారు ఐస్ ఎత్తు మీద గొలుసు ముందు ఏదీ నిలవదు. వెనక డ్రైవ్ అయితే వెనక చక్రాలకి. టైరు సైజుకి సరిపడేదే కొనండి, చక్రం గూటిలో ఖాళీ తక్కువ ఉన్న బండికి సన్న రకం కావాలి, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. బిగించి వంద మీటర్లు నడిపి మళ్లీ బిగించాలి, మొదటిసారి తప్పకుండా వదులవుతుంది. వేగం 50 దాటొద్దు. నల్ల రోడ్డు కనపడగానే విప్పెయ్యండి, తెగితే బ్రేకు గొట్టాన్ని కొడుతుంది.

పగటిపూట, పొడి నేల మీద ఒకసారి వేసి చూసుకోండి. కూరుకుపోయాక చీకట్లో డబ్బా విప్పితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

చలిబండి
ఇంత తంటా ఎందుకు, ఫోర్ వీల్ డ్రైవ్ కొంటే పోలా?

లెక్కలమాస్టారు
అదే గుణకం 0.2తో నాలుగు చక్రాలూ తోస్తే 20 శాతం ఎత్తు. ఎక్కడంలో అది రాజు. ఆగే దూరం? అదే 49 మీటర్లు. మలుపులోనూ అంతే.

గేరుపెట్టె
పొడి రోడ్డు మీద పార్ట్ టైమ్ ఫోర్ హైలో (ముందూ వెనకా ఇరుసుల్ని కలిపి బిగించే గేరులో) తిప్పకండి అన్నది కూడా కలపండి. మలుపులో ముందూ వెనకా ఇరుసులు వేరే వేగంతో తిరగాలి, ఆ తేడాకి లోపల చోటు లేదు.

రెండు వెనక చక్రాలకి బలం పంచే డిఫరెన్షియల్ మామూలుదైతే ఒక వెనక చక్రం ఐస్ మీద ఉంటే రెండోదానికీ అంతే బలం అందుతుంది. ఒక్క చక్రమే ఊరికే తిరగకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ రకం ఉంటే బయల్దేరడానికి చాలా మేలు. కానీ రోడ్డు పక్కకి వాలి ఉన్నచోట రెండు చక్రాలూ కలిసి జారితే తోక వాలు వైపు పోతుంది. యాక్సిలరేటర్ మీద గుడ్డు ఉందనుకుని తొక్కాలి.

కూరుకున్నప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఒక చక్రం నిలిచి ఇంకోటి తిరుగుతుంటే స్పీడోమీటర్‌లో 50 అంటే ఆ చక్రం నిజంగా 100 వేగంతో తిరుగుతోంది. టైరు పేలిపోవచ్చు. అప్పుడు ఎవర్నీ బండి వెనక నిలబడనివ్వకండి. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే బలం తగ్గించే ఏర్పాటు) కాసేపు ఆపి, రెండో గేరులో, మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపండి. నాలుగైదుసార్లకి రాకపోతే ఆపి పార తియ్యండి, గేర్‌బాక్స్ నూనె కాగిపోతుంది.

వెనకచక్రం
అందరివీ చదివి ఇలా అనుకుంటున్నాను: 245/75 ఆర్17 వింటర్ టైర్లు నాలుగు, విడి చక్రాలతో. గూళ్ల మధ్య చట్రం, 30 కిలోల బస్తాలు 5, రెండు పట్టీలు. బండిలో గొలుసులు, పార. లైట్లు దించాలి. ఏమైనా వదిలేశానా?

బోల్టునట్టు
విడి చక్రాలైతే బిగించే ముందు హబ్ ముఖం (చక్రం ఆనే లోహపు భాగం) వైరు బ్రష్‌తో గీకండి, తుప్పు పొర ఉంటే చక్రం సమంగా కూర్చోదు. నట్లు ఎదురెదురుగా, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, 80 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ రెంచి పెట్టి చూడండి. టైరు పక్కన బాణం గుర్తుంటే తిరిగే దిశ సరిచూసుకోండి. గాలి సెన్సర్లు పాత చక్రాల్లో ఉండిపోతాయి, కొత్తవాటిలో లేకపోతే హెచ్చరిక దీపం చలికాలమంతా వెలుగుతూనే ఉంటుంది.

స్ప్రింగ్‌పట్టీ
పెట్రోల్ ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. 100 లీటర్లంటే 74 కిలోల దాకా ఉంటుంది. పికప్‌లో ట్యాంకు ఎక్కువగా వెనక ఇరుసుకి కాస్త ముందే, కట్టాల్సిన పని లేని బరువు అది.

టైరుపట్టు
రోజూ 7 డిగ్రీలు దాటడం మొదలయ్యాక వింటర్ టైర్లు తీసెయ్యండి, వేడి రోడ్డు మీద ఆ మెత్తటి రబ్బరు గబగబా అరిగిపోతుంది. బస్తాలూ ఆ రోజే దించండి.